సవరణ: ప్రోటాన్ కిరణం చివర 1.1 సరిపోదు

ప్రోటాన్ చికిత్సపై ముందటి పోస్టులో, భౌతిక డోసును 1.1తో గుణిస్తే ఎక్కడైనా జీవప్రభావం వచ్చేస్తుందని ఉంది. ఆ వాక్యాన్ని మార్చి చదవండి. 1.1 అనేది ఆసుపత్రుల్లో వాడే సగటు ఆర్‌బీఈ మాత్రమే. ఆర్‌బీఈ అంటే, అదే ప్రభావానికి ప్రోటాన్ డోసుకు ఎన్ని రెట్ల ఎక్స్‌రే డోసు కావాలో చెప్పే సంఖ్య. జీవకణాల మీద జరిగిన ప్రయోగాల సగటు ప్రకారం, 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం) డోసు దగ్గర ఆర్‌బీఈ కిరణం లోపలికి వెళ్లే చోట సుమారు 1.1, లక్ష్యం చివరి అంచులో 1.35, డోసు పడిపోయే వాలులో 1.7 దాకా ఉంటుంది. ప్రోటాన్ వేగం తగ్గేకొద్దీ మైక్రాన్‌కు వదిలే శక్తి, అంటే ఎల్‌ఈటీ, పెరగడమే దీనికి కారణం.

54 గ్రే (ఆర్‌బీఈ) ప్లాన్‌లో, అంటే 1.1తో గుణించాక 54 వచ్చే ప్లాన్‌లో, భౌతిక డోసు 49.1 గ్రే. వాలులో అది సగానికి, 24.5కి పడిందనుకోండి. 1.1తో చూస్తే 27, 1.7తో 42 దాకా పోతుంది. అక్కడ బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) ఉంటే ఈ తేడా చాలా ముఖ్యం. ఆల్ఫా/బీటా (ఫ్రాక్షన్ డోసు మారితే కణజాలం ఎలా స్పందిస్తుందో చెప్పే నిష్పత్తి) తక్కువగా ఉన్న కణజాలంలో, ఫ్రాక్షన్ డోసు (ఒక్కో విడతలో ఇచ్చే డోసు) తక్కువైన చోట ఆర్‌బీఈ ఇంకా పెరుగుతుంది.

అలాగని ప్రిస్క్రిప్షన్‌ను మార్చకండి, రికార్డులో 1.1 అలాగే ఉండాలి. మోంటే కార్లోతో (కణాల దారిని ఒక్కొక్కటిగా అనుకరించే కంప్యూటర్ లెక్కతో) డోసు-సగటు ఎల్‌ఈటీ మ్యాపు తీసి, ప్లాన్ పక్కన పెట్టి చూడండి. కిరణం శరీరంలో ఢీకొన్నప్పుడు పుట్టే ద్వితీయ కణాల్లో వేటిని లెక్కలో కలిపారో రాయకపోతే రెండు మ్యాపులను పోల్చడం కుదరదు. కిరణాలన్నీ బ్రెయిన్‌స్టెమ్ ముందే ఆగుతుంటే కోణాలు మార్చండి.