ఐపీ నంబర్ చెప్పినంత మాత్రాన పోలీసులైపోరు

వారం నుంచి ఒకటే మెసేజ్. మా అమలాపురం కాలేజీ గ్రూపులో మూడుసార్లు, చుట్టాల గ్రూపులో రెండుసార్లు వచ్చింది. తెలియని లింకు నొక్కితే మన ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబర్, దొరికిపోతుందట, దాంతో ఇల్లు, ఆధార్, బ్యాంకు ఖాతా తెలిసిపోతాయట, కెమెరా దానంతటదే ఆన్ అవుతుందట. ఎవరైనా ఫోన్ చేసి మన ఐపీ నంబర్ చెప్పారంటే వాళ్లు నిజం పోలీసులేనట, చెప్పినట్టు వినాలట.

ఆధార్, ఖాతా నంబర్లు ఐపీలో ఉండవు. కెమెరా తెరవడానికి ఐపీ ఒక్కటే చాలదు. ఈ రెండూ వదిలేయండి.

ఇల్లు తెలుస్తుందన్నారు కదా, మొన్న రావులపాలెం బస్టాండులో నిలబడి నా ఫోన్ ఐపీ ఎక్కడిదో చూస్తే హైదరాబాద్ అని వచ్చింది, సాయంత్రం కొత్తపేటలో చూస్తే చెన్నై. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే, అవి చాలక మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ను చాలామందికి పంచుతాయి. అమెరికాలో, ఐపీ ఏ చోటుదో చెప్పే మాక్స్‌మైండ్ అనే కంపెనీ, దేశంలో ఎక్కడివో తేలని ఐపీలన్నిటికీ దేశం మధ్యలో ఒక చుక్క పెట్టింది. అది కాన్సాస్‌లో ఒక పొలం ఇంటి మీద పడింది. ఆ ఐపీల వెనకున్న మోసగాళ్లని వెతుక్కుంటూ ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు ఆ ఇంటి మీదకే వెళ్లారు. కారణం 2016లో గానీ బయటపడలేదు.

అసలు నాకు ఒళ్లు మండింది ఆ మెసేజ్‌లోని ఆఖరి మాటకి. మా మావయ్య రిటైరైన టీచరు, ఈ మెసేజ్ చదివినాయనే. మర్నాడు వీడియో కాల్‌లో ఒకడు యూనిఫాం వేసుకుని "మీ ఐపీ నుంచి చెడ్డ వీడియోలు చూశారు, గది తలుపేసుకోండి, ఎవరికీ చెప్పకండి" అని నంబర్ చదివాడు. మావయ్య దాన్ని క్యాలెండర్ వెనకాల రాసుకుని, ఎఫ్‌డీ కాగితాలు తీసి బ్యాంకుకి బయల్దేరుతుంటే నేను ఎదురుపడ్డాను. చేతులు వణుకుతున్నాయి. "వాళ్లకి నా నంబర్ తెలుసురా" అంటాడు. ఆ కాగితం చూశాను, 182.311.40.7. ఇలా చుక్కలతో రాసే ఐపీలో ఏ ముక్కా 255 దాటదు, 311 అనే ముక్కతో అడ్రసే ఉండదు. సరైన నంబరే చెప్పినా ఏం రుజువైనట్టు? మనం తెరిచే ప్రతి సైటుకీ మన ఐపీ కనిపిస్తుంది, అది తెలిసినవాడల్లా పోలీసా? ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు. మనవాళ్లని జాగ్రత్తపరుస్తున్నామనుకుని దొంగల మాటనే మీరు ముందుగా ఇంటింటికీ చేరవేస్తున్నారు!

ఒక్కటి ఒప్పుకుంటాను. ఐపీతో ఎవరూ దొరకరని నేను ఇన్నాళ్లూ అందరికీ చెప్పింది కూడా తప్పే. నిజం పోలీసులు ఐపీ, సమయం, పోర్టు నంబరు (ఒకే అడ్రస్ పంచుకునేవాళ్లలో ఎవరిదో విడదీసే నంబరు) ఇచ్చి చట్టప్రకారం అడిగితే, ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో కంపెనీ తన రికార్డులు చూసి చెప్పగలదు. తెలియని లింకు నొక్కొద్దన్న సలహా కూడా మంచిదే. కాకపోతే భయపడాల్సింది ఐపీ పోతుందని కాదు, ఆ లింకు తెరిచాక ఓటీపీ అడుగుతారని, ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించే ఏపీకే ఫైల్ దింపిస్తారని.

మళ్లీ పంపాలనుకుంటే ఆ పోలీసుల వాక్యం కొట్టేసి, అక్కడ 1930 అని సైబర్ మోసాల నంబర్ రాసి పంపండి. మావయ్య ఆ క్యాలెండర్ కాగితం మీద ఎర్ర పెన్నుతో అదే రాసి, ఫోన్ పక్కన గోడకి అంటించాడు.