దయగల దొరగారి నూలుమిల్లు

పిల్లల చేత పని చేయించడం పాపమనే వాళ్లంతా ఒకసారి ఇంగ్లండ్ వెళ్లి, చెషైర్ ప్రాంతంలోని స్టయల్ అనే పల్లెను చూసి బుద్ధి తెచ్చుకోవాలి. అక్కడ బొల్లిన్ ఏటి ఒడ్డున శామ్యూల్ గ్రెగ్ అనే దయగల దొర 1784లో క్వారీ బ్యాంక్ నూలుమిల్లు కట్టించాడు.

ఆ చుట్టుపక్కల కూలీలు చాలలేదు. దాంతో పేదల శరణాలయాల నుంచి పిల్లల్ని తెప్పించాడు. ఊరికే తీసుకున్నాడనుకునేరు! ఎదురుకట్నం ముట్టింది. ఒక్కొక్కరితో 2 గినీల (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) డబ్బు, బట్టల మూట. 1817లో బిడల్ఫ్ ఊరి నుంచి, 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు 10 మందికి పైగా సిద్ధంగా ఉన్నారు, కావాలంటే చెప్పండి, పంపుతామని ఉత్తరం కూడా వచ్చింది. మామిడికాయల బేరమైనా ఇంత సాఫీగా సాగదు.

దొర వాళ్లని గాలికి వదిలేయలేదు. 1790లో వాళ్లుండటానికి అప్రెంటిస్ హౌస్ అనే వసతిగృహం కట్టించాడు, గంజి పోయించాడు, ఆదివారం చర్చికి పంపాడు. పీటర్ హాలండ్ అనే డాక్టర్‌ని పెట్టి వైద్యం చేయించాడు. ఎద్దుకి జబ్బు చేస్తే రైతు మాత్రం చూస్తూ కూర్చుంటాడా?

ఇంత చేసినా కృతజ్ఞత లేదు. 1806లో థామస్ ప్రీస్ట్లీ అనే 13 ఏళ్ల కుర్రాడు, ఎడమచేతి వేలొకటి యంత్రం చక్రంలో పడి తెగిపోతే, అంత చిన్న విషయానికి అమ్మ కావాలన్నాడు. తోటివాడొకడిని వెంటబెట్టుకుని లండన్ దాకా నడిచాడు. 250 కిలోమీటర్లకు పైనే. ఇంత కాళ్ల బలం మిల్లు గంజి వల్లే వచ్చిందని ఎవరూ ఒప్పుకోరు! 1836లో పారిపోయి తిరిగొచ్చిన ఎస్తర్ ప్రైస్‌నైతే కిటికీలకు చెక్కలు కొట్టిన గదిలో రోజుల తరబడి ఉంచారు. ఎండ తగలకుండా, పాపం.

అన్నట్టు, దొరకి కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో బానిసలు పనిచేసే తోట కూడా ఉండేది. అక్కడివాళ్లు బానిసలు, ఇక్కడివాళ్లు అప్రెంటిస్‌లు. మాటల దగ్గర ఆయన చాలా పట్టింపు మనిషి.

1939 నుంచి ఇదంతా పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. నీటిచక్రం చూడొచ్చు, మగ్గాల మోత వినొచ్చు, చెవులు మూసుకుని బయటికొచ్చి టీ తాగొచ్చు. పిల్లలకు టికెట్ తక్కువ ధరకే. అయినా దొరగారి కాలమే నయం. అప్పట్లో వాళ్లకి లోపలికి ప్రవేశం ఉచితం, బయటికి పోవాలంటేనే ఇబ్బంది.