పద్మాక్షి గుండం దగ్గర పంచుకున్నది బడిలో ఎందుకు పంచుకోకూడదు?

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే చాలు, హనుమకొండ, కాజీపేట తల్లిదండ్రుల ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. క్యారెట్‌ను పువ్వులా కోయడం, బ్రెడ్డును నక్షత్రంలా కత్తిరించడం, చపాతీకి పిల్లి మొహం దిద్దడం, వీటన్నిటికీ అరలరల డబ్బా ఒకటి. అలా కట్టివ్వలేని తల్లులు పిల్లలకు ఏదో లోటు చేస్తున్నామని బాధపడుతున్నారు. ఆ బాధ అనవసరం. లంచ్ బాక్సు విషయంలో వరంగల్ వంటింటికి ఆ వీడియోలు నేర్పగలిగింది చాలా తక్కువ.

ఉదయం ఏడున్నరకు మూత పెట్టిన డబ్బాను పిల్లలు పన్నెండు దాటాక తెరుస్తారు. అప్పటికి నూడుల్స్ ముద్ద కడతాయి, ఆలుగడ్డ వేపుడు మెత్తబడుతుంది, టమాటా ముక్కల తడికి బ్రెడ్డు నానిపోతుంది. నక్షత్రంలా కోసినా, చందమామలా కోసినా ఆ బ్రెడ్డు గతి అంతే. డబ్బా సగం నిండుగా ఇంటికి తిరిగొస్తే ముందు అనుమానించాల్సింది చల్లారాక పోయిన రుచిని. ఆకారం సంగతి తర్వాత.

చల్లారినా రుచి తగ్గని అన్నం కలపడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బతుకమ్మ పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండలోని పద్మాక్షి గుండం అనే కోనేటి దగ్గర విప్పే గిన్నెల్లో ఏముంటాయి? చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. ఇంట్లో కలిపి, మోసుకెళ్లి, ఆట ముగిశాక చీకట్లో తినే అన్నాలు ఇవి. పొద్దు గడిచేకొద్దీ పులుపు, ఉప్పు మెతుకులోకి దిగి రుచి పెరుగుతుంది. రంగులున్నాయి, రోజుకో రకం చొప్పున సోమవారం నుంచి శుక్రవారం దాకా సరిపోయే వరుస ఉంది. పండుగకు ఒక్క రోజు గుర్తు చేసుకుని మిగతా ఏడాదంతా పిల్లలకు చల్లని నూడుల్స్ పెడుతున్నాం.

కిటుకులు కూడా పాతవే. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోకుండా ఉండాలంటే పొద్దున అన్నాన్ని పాలతో కలిపి ఒక చెంచా పెరుగు వేయాలి. బడికి చేరాక నిదానంగా తోడుకుంటుంది. పొగలు కక్కే అన్నం మీద మూత బిగిస్తే ఆవిరి నీరై కారుతుంది కనుక పళ్లెంలో ఆరబెట్టి, ఆ తర్వాతే సర్దాలి. నువ్వుల సద్ది కారంగా ఉందని పిల్లలు పక్కన పెడితే చపాటా మిర్చి వాడండి. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన మన వరంగల్ పంటే అది. టమాటాలా బొద్దుగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అన్నం ఎర్రగా కనిపిస్తుంది, నాలుక మండదు.

పిల్లల చేయి పడాలంటారా, సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లి కలిపి గిన్నె లోపలి గోడకు పలుచగా అద్దుతాం కదా. నూనె దిగడానికి వేలితో గుంటలు పెట్టే పని ఏడేళ్ల పిల్లకు అప్పగించి చూడండి. వంకరగా పెడుతుంది, ఒకచోట చిల్లి పడుతుంది. అయితేనేం, తను గుంటలు పెట్టిన ముక్కను ఆ పిల్ల డబ్బాలో వదిలేసి రాదు. ఈ పనిలో నాన్న కూడా కూర్చోవాలి. డబ్బా కట్టడం అమ్మ ఒక్కదాని బాధ్యతని ఎక్కడా రాసి లేదు.

ఇవన్నీ చెప్పినా, అసలు అడ్డంకి వంటింట్లో లేదు. డబ్బా తెరిచే చోట ఉంది. కొన్ని ప్రైవేటు పాఠశాలలు ఏం తేవాలో, ఏం తేకూడదో తల్లిదండ్రులకు ముందే చెబుతున్నాయి: గుడ్డు వద్దు, మాంసం వద్దు, వాసన వచ్చే కూరలు వద్దు, పక్కవారితో పంచుకోవద్దు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఎవరి ముక్కు కోసం ఈ నిబంధన? మధ్యాహ్న భోజన పథకం లెక్కలో ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక్క గుడ్డుతో అందులో సగం వస్తుంది. అందుకే ప్రభుత్వ బడిలో వారానికి మూడు గుడ్లు పెట్టాలన్న నియమం ఉంది. ఆటో నడిపి, అప్పు చేసి పిల్లను ప్రైవేటు బడికి పంపిన తండ్రి ఫీజు కట్టి మరీ ఆ గుడ్డును పోగొట్టుకుంటున్నాడు.

పంచుకోవద్దనడానికి కారణం లేకపోలేదు. పల్లీలు, నువ్వులు కొందరు పిల్లలకు పడవు, అలెర్జీ ప్రాణం మీదికి రావచ్చు. శుభ్రత గురించిన భయం కూడా న్యాయమైనదే. కానీ అది పడని పిల్లల వివరాలు తెలుసుకుని జాగ్రత్తపడవలసిన విషయం. దాని పేరు చెప్పి తరగతి మొత్తాన్ని ఎవరి డబ్బాకు వారిని కట్టేయడం సోమరితనం.

ఎండుచేపల కూర తెచ్చిన పిల్ల మూత సగమే ఎత్తి, ఎడమచేయి అడ్డం పెట్టుకుని గబగబా తినడం నేను చూశాను. ఎవరూ తిట్టలేదు. పక్క పిల్ల ముక్కు మూసుకుంది, అంతే. మర్నాటి నుంచి ఆ ఇంట్లో డబ్బాకు బ్రెడ్డు, జామ్. ఉట్నూరు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూను పెద్దలు సభల్లో మెచ్చుకుంటారు. ఆ లడ్డూ తెచ్చిన పిల్లవాడు తరగతిలో తల ఎత్తుకుని తినగలగడమే నాకు ముఖ్యం. ఎవరి కూర గొప్పది, ఎవరి కూర కంపు అన్న కులపాఠాన్ని పుస్తకం తెరవకుండానే నేర్పుతున్న గంట ఈ భోజన విరామం. బతుకమ్మ నాడు చెరువు గట్టు మీద ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అంటూ గిన్నెలు చేతులు మార్చుకున్న జిల్లాలోనే ఈ పాఠం నడుస్తోంది.

నిబంధనల మీద అంత పట్టుదల ఉన్న యాజమాన్యాలు భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2020లో తెచ్చిన నిబంధనలను కూడా అమలు చేయాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని అవి చెబుతున్నాయి. చిప్స్ పొట్లం గేటు దాటి లోపలికి రావచ్చు, ఉడికించిన గుడ్డు మాత్రం రాకూడదంటే ఒప్పుకోవద్దు.

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగే ముందు గుడ్డు వద్దన్న నిర్ణయం ఎవరిదో అడగండి, జవాబు రాతపూర్వకంగా కోరండి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు, నిదానంగా తినడానికి అరగంటకు తగ్గని విరామం కావాలనండి. అలెర్జీ ఉన్న పిల్లల పేర్లు క్లాస్ టీచరు దగ్గర ఉంచుకుని, మిగతా పిల్లలను ఒకే వరుసలో కూర్చోబెట్టి, డబ్బాలు మార్చుకుని తిననివ్వమనండి.