కింగ్స్‌వే నుంచి కర్తవ్యపథ్ దాకా: పేర్లు మారాయి, వాలు మారలేదు

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర నిలబడి పడమరకు చూస్తే రాష్ట్రపతి భవన్ గుమ్మటం కనిపిస్తుంది. అక్కడి నుంచి కర్తవ్యపథ్ మీదుగా, గుట్ట కిందున్న విజయ్ చౌక్ దాకా నడవండి. దగ్గరవుతున్న కొద్దీ పెద్దదవ్వాల్సిన భవనం కాస్తా గుట్ట వెనక్కి దిగిపోతుంది. చివరికి గుమ్మటం పైభాగమే మిగులుతుంది. వైస్రాయ్ నివాసంగా ఈ భవనాన్ని గీసిన బ్రిటిష్ వాస్తుశిల్పి లుటియెన్స్‌కూ, తోటి వాస్తుశిల్పి బేకర్‌కూ చెడింది ఈ వాలు దగ్గరే. తాను గీసిన సచివాలయ భవనాలు, అంటే నార్త్, సౌత్ బ్లాకులు కూడా రైసినా గుట్ట మీదే, భవనంతో సమానమైన ఎత్తున ఉండాలన్నాడు బేకర్. సరేనని ఒప్పుకున్న లుటియెన్స్‌కు తన భవనం మరుగున పడుతోందని తర్వాత గానీ తెలియలేదు. మార్చమని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఈ రోడ్డు గురించి మన చర్చ ఎప్పుడూ పేరు చుట్టూనే తిరుగుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక కింగ్స్‌వేని రాజ్‌పథ్ అన్నాం. అది పేరు మార్పా? ఉత్త అనువాదం. దీన్ని అడ్డంగా కోసుకుంటూ వెళ్లే క్వీన్స్‌వే మాత్రం జన్‌పథ్ అయింది. రాణిగారి చోటుకు జనం వచ్చారు, రాజుగారు మాత్రం కదల్లేదు. 2022 సెప్టెంబరులో కర్తవ్యపథ్ అన్నాక గానీ ఆయన దారి వదల్లేదు.

నిజానికి అసలు రాజును అంతకు ముందే పంపించేశాం. ఇండియా గేట్ వెనక ఉన్న రాతి మంటపంలో ఐదో జార్జి విగ్రహం ఉండేది. 1968లో దాన్ని తీసి కొరొనేషన్ పార్కుకు చేర్చారు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని 1911 దర్బారులో ఆయన ప్రకటించింది అక్కడే! ఆ తర్వాత 54 ఏళ్లు మంటపం ఖాళీ. గాంధీ విగ్రహం పెడదామన్న మాట వచ్చినా తేలలేదు. ఇప్పుడక్కడ 28 అడుగుల నేతాజీ ఉన్నారు. ఆ గ్రానైట్ మన ఖమ్మంది. 280 టన్నుల బండ, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు వెళ్లింది. తెలుగువాడిగా ముచ్చటేస్తుంది. అయినా నన్నడిగితే ఆ ఖాళీ మంటపమే బాగుండేది. సామ్రాజ్యం వెళ్లిపోయిందని అంతకన్నా సూటిగా ఏ విగ్రహం చెబుతుంది?

పేర్లూ విగ్రహాలూ మార్చాం గానీ, వైస్రాయ్ నివాసం వైపు చూపు తిప్పడానికి గీసిన ఆ తిన్నని గీతను ఎవరూ ముట్టుకోలేదు. పైగా 1955 నుంచి రిపబ్లిక్ డే కవాతుకు అదే శాశ్వత వేదిక. ఆ ఒక్క ఉదయం జనం బారికేడ్ల వెనక బుద్ధిగా కూర్చుంటారు. మిగతా రోజుల్లో ఎండ తగ్గాక పచ్చికంతా వాళ్లదే. పిల్లలు ఐస్‌క్రీం కోసం పేచీ పెడుతుంటారు, పెద్దవాళ్లు ఇండియా గేట్ ముందు ఫోటోలు దిగుతుంటారు, గుమ్మటానికి వీపు పెట్టి.