వరద గీతకు బోర్డు ఎవరు పెడతారు?

గోదావరి లంకల్లో పెద్దవాళ్లని ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే తేదీ చెప్పరు. "86 వరదకి మాకు పెళ్లయి ఏడాది" అంటారు. "96 తుపానుకి చిన్నోడు చంకలో ఉన్నాడు" అంటారు. ఇక్కడ కాలానికి కొలత నీళ్లే. మనం చరిత్ర అని బోర్డులు పెట్టే చోట మాత్రం ఆ నీళ్ల ఊసు దాదాపు ఉండదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక పెంకుటింటి గోడ మీద, అరుగు పక్కన, ఆ నీళ్లు ఆగిన చోట ఎవరో నల్లరంగుతో అడ్డగీత గీసి పక్కన తేదీ వేశారు. సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలమంతా ఆ గోడకి వీపు ఆనించి నిలబడి, మునిగేవాళ్లమా తేలేవాళ్లమా అని చూసుకునేవాళ్లం. గీత నా తలకి జానెడు పైనుండేది. తర్వాత ఆ ఇంటికి టైల్స్ వేశారు, గీత పోయింది. ఇంటివాళ్లని ఏమనగలం? దాన్ని ఉంచమని వాళ్లకి ఎవరు చెప్పారు గనక?

2022 జులైలో మళ్లీ పెద్ద వరదొచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులని టీవీలో చెబుతుంటే ఊరంతా టెన్షన్‌గా అడిగింది ఒకటే: "86 అంత వస్తుందా?" టీవీ చెప్పేది ధవళేశ్వరం లెక్క. మన వీధిలో నీళ్లు ఏ మెట్టు దాకా వస్తాయో చెప్పాల్సిన గీత టైల్స్ కింద ఉంది. అందుకే డెల్టాలో వారసత్వం అంటే గొప్పలు చెప్పుకోవడానికే కాదు, కొలుచుకోవడానికి కూడా అంటాను.

మనకి గుళ్లకీ విగ్రహాలకీ లోటు లేదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి నెయ్యి కోసం ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారో చెప్పే లెక్కలు వాటిలో బోలెడు. అంటే ఈ ప్రాంతపు పాత ఖాతా పుస్తకం అన్నమాట. రక్షిత కట్టడాల దగ్గరుండే నీలం బోర్డేమో 1958 పురావస్తు కట్టడాల చట్టం ప్రకారం పాడుచేస్తే శిక్ష అంటుంది. పాడుచేయకూడనిది అక్కడేముందో చెప్పదు!

కాటన్ దొర సంగతీ అంతే. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట ఈ నేల రాత మార్చింది, గట్ల మీద ఆయన విగ్రహాలు ఉండటం న్యాయమే. ఆ పనిలో ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రాళ్లు మోసిన కూలీల సంగతి ఇక అడగక్కర్లేదు.

నాకు నచ్చిన చోటు పి.గన్నవరం. కింద వైనతేయ పాయ, పైన అక్విడక్టు మీద కాలువ. ఏటి నెత్తి మీంచి ఇంకో ఏరు నడిచిపోతున్నట్టుంటుంది. పాతదానికి 49 కమాన్లు, ఆనకట్ట కాలం నాటిది. పక్కనే కట్టిన కొత్తదానికి, వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీళ్లు దాటించే కట్టడానికి అన్నం పెట్టిన తల్లి పేరు! ఇంతకంటే మంచి శిలాఫలకం ఈ సీమలో నేను చూడలేదు.

కోట్లు పెట్టి మ్యూజియాలు కట్టమని నేననడం లేదు. లాకుల గోడల మీద చెక్కిన అడుగుల అంకెలు, తూముల మీద సంవత్సరాలు, ఏటిగట్ల మీద పాత మైలురాళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలున్నాయి. అవి పోయేది వరదలకి కాదు, మరమ్మతులకి. కాంట్రాక్టరు సిమెంటు పూసి సున్నం కొట్టేస్తే పని అయిపోయినట్టే, బిల్లు కూడా అయిపోతుంది. పాత రాయి, పాత గీత ఉన్నచోటే ఉంచాలని మరమ్మతుల అంచనాల్లో ఒక్క వాక్యం రాస్తే చాలు. బడి గోడ మీద 86, 2022 గీతలు గీయించడానికి పంచాయతీకి ఒక రంగు డబ్బా ఖర్చు. 86 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వేలు పెట్టి చూపించగలిగేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక మళ్లీ మరమ్మతులు మొదలవుతాయి. ఆ ఒక్క వాక్యం రాయడానికి అప్పటిదాకా టైముంది.