టెన్షన్‌ను కాపాడుకుందాం రండి

అనంతపురం జిల్లాలో వానకు కరువుంది గానీ టెన్షన్‌కు ఏనాడూ లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లో ఎంతో రాలే ఈ నేలలో విత్తనం, ఎరువు, బోరు ఏమీ అడగకుండా పండే పంట అదొక్కటే. జూన్‌లో వాన పడదేమోనని టెన్షన్. పడితే, వేరుశనగ బుడ్డలు పీకే వేళకు మళ్లీ పడుతుందేమోనని టెన్షన్. దీన్ని నమ్ముకుని వడ్డీ వ్యాపారులు, ర్యాంకుల కోచింగులు, గ్యాస్ మాత్రల అంగళ్లు, జాతకాలు చూసేవాళ్లు, క్లాక్ టవర్ చుట్టుపక్కల టీ కొట్లు బతుకుతున్నాయి. ఇంతమంది నోటికాడి కూటికి ఇప్పుడొక ముప్పు వచ్చి పడింది. జనం కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు.

నవ్వే విషయం కాదిది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 39 మంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి, బంకమట్టి, స్కెచ్ పెన్నులు, అతికించుకోవడానికి కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలు మీ ఇష్టం వచ్చింది చేసుకోండి అన్నారు. ముందూ తర్వాతా వాళ్ల లాలాజలం తీసి కార్టిసాల్ ఎంతుందో చూశారు. టెన్షన్ పడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను అది. నలుగురిలో ముగ్గురికి తగ్గింది. పోనీ చేయి తిరిగినవాళ్లకు తగ్గిందంటే సర్దుకుపోయేవాళ్లం, జిల్లాలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు గనక! గీయడం వచ్చా రాదా అన్నదానితో పెద్ద తేడానే రాలేదట. అంటే బొత్తిగా చేతకానివాడికి కూడా మనశ్శాంతి దొరికే ప్రమాదం ఉంది. ఈ లెక్కన మనలో ఎవరూ సురక్షితం కాదు.

39 మందే కదా, అదొక లెక్కా అని మా వీధి పెద్దలు ధైర్యం చెప్పుకున్నారు. ఆ ధైర్యమూ నిలవలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 3000కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి, కళలు జబ్బు రాకుండా చూడటంలోనూ, వచ్చాక తట్టుకోవడంలోనూ పనికొస్తాయని నివేదిక ఇచ్చేసింది. అసలు ఈ గొడవకు ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టింది ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు, 1942లో. ఆయన క్షయతో శానిటోరియంలో పడి ఉండి, బుద్ధిగా పైకప్పు చూస్తూ దిగులు పడకుండా బొమ్మలు గీశాడు. తను బాగుపడింది చాలక పక్క మంచాలవాళ్ల చేత కూడా గీయించాడు. అంటువ్యాధుల ఆసుపత్రిలో ఇలాంటివాణ్ణి విడిగా ఉంచాలన్న ఇంగితం అప్పట్లో లేకపోయింది.

మన పెద్దలు మాత్రం ఎప్పుడో మేలుకున్నారు. 16వ శతాబ్దంలో లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కథ తెలిసిందే. కోశాధికారి రాజు సొమ్మును శిల్పాలకూ బొమ్మలకూ తగలేశాడని ఫిర్యాదు వెళ్లింది, ఆయన తన కళ్లు తానే పెరుక్కుని గోడకు కొట్టాడు అంటారు. ఎర్రటి మచ్చలు ఇప్పటికీ చూపిస్తారు. కథో నిజమో అటుంచండి, కళకు బడ్జెట్ పెట్టినవాడికి ఏమవుతుందో ఇంత స్పష్టంగా గోడ మీద రాసిపెట్టిన ఊరు ఇంకొకటి ఉందా? కల్యాణ మండపం సగంలో ఆగిపోయింది. ఆడిట్ అంటే అలా ఉండాలి.

ప్రభుత్వం కూడా తన వంతు చేసింది. 2022 జిల్లాల విభజనలో లేపాక్షి అటు శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లిపోయింది. ధర్మవరం మండలం నిమ్మలకుంట కూడా పోయింది. మేకతోలును గాజులా మెరిసేదాకా గీకి, దాని మీద రాముణ్ణి గీసి, నగల కోసం సన్న ఉలితో ఒక్కో చిల్లూ కొట్టే తోలుబొమ్మల ఊరు అది. ఆ పని గంటల తరబడి తల ఎత్తకుండా చేస్తారు. అలా చేసినాయనకు, దళవాయి చలపతిరావు గారికి, 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇప్పుడా తలనొప్పి పక్క జిల్లాది. మనకు మిగిలిన అనంతపురం చాలావరకు శుభ్రంగా, టెన్షన్‌గా ఉంది.

అయితే ఇంట్లోనే ఉన్న శత్రువు సంగతేంటి? ధనుర్మాసంలో తెల్లారక ముందే లేచి వాకిలి చూడండి. కళ్లాపి చల్లి, 15 చుక్కలు, సందు చుక్కలు 8 దాకా పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా వదులుతూ ఒకావిడ వంగి ఉంటుంది. ఆ అరగంటసేపు ఆమెకు గ్యాస్ సిలిండర్ గుర్తుండదు, కొడుకు ఫీజు గుర్తుండదు, మొగుడు గుర్తుండడు. మూడోది నాకు మరీ ఆందోళన కలిగించింది.

దీనికి విరుగుడు మా వీధిలో కనిపెట్టాం. ముగ్గుల పోటీ. మైదానంలో సున్నంతో గడులు గీసి, నంబరిచ్చి, గంట టైము పెట్టి, తలకాయ మీద ముగ్గురు జడ్జీలను నిలబెట్టాం. మొదటి బహుమతి గ్రైండరు, మిగతా అందరికీ స్టీలు డబ్బా. ఫలితం అద్భుతం. పక్క గడిలో ఏం రంగు వేస్తున్నారోనని తొంగిచూపులు, గ్రైండరు ఎవరి వదినకు వచ్చిందో ఎందుకొచ్చిందోనని ఉగాది దాకా మాటల్లేవు.

పిల్లలకైతే పోటీ కూడా అక్కర్లేదు. మొన్న ఒక పిల్లాడు లెక్కల నోట్సు వెనకాల ఏదో గీసుకుంటున్నాడు.

“ఏందిరా అది?”

“గొర్రె, పెద్దనాయనా.”

“గొర్రె కాళ్లు అట్లుంటాయా? దీనికి మార్కులు ఏమన్నా ఉండాయా?”

పిల్లాడు నోట్సు మూసేశాడు. సైన్సుకు టెన్షన్ దించడానికి 45 నిమిషాలు పట్టింది, పెద్దనాయనకు ఎక్కించడానికి ఒక్క ప్రశ్న సరిపోయింది. ఆ బొమ్మ బాగా వచ్చి ఉంటే ‘టాలెంట్ ఉంది’ అని కోచింగులో పడేసేవాళ్లం, ఫలితం అదే.

బొమ్మలేస్తే చాలు, డాక్టరూ వద్దు మాత్రలూ వద్దు అని చెప్పేవాళ్లు మధ్యమధ్య తగులుతుంటారు. వాళ్లను చూసి భయపడకండి, వాళ్లు మన పక్షమే. డిప్రెషన్‌కు వాడుతున్న మందు చెప్పాపెట్టకుండా ఆపి రంగులు పట్టుకున్నవాడి టెన్షన్ రెట్టింపై తిరిగొస్తుంది. కళ మందుకు తోడుగా ఉంటేనే మనకు నష్టం. అలాగే 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఒకటుంది, 14416కు ఎవరైనా ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. తెలుగులో కూడా పలుకుతారు. దయచేసి ఈ నంబరు ఎక్కడా రాసిపెట్టుకోకండి.

ఇంతా చేసినా ఒక కేసు తెగలేదు. మా వీధిలో రిటైరైన కండక్టరు ఒకాయన పొద్దున ఉగ్గాణి తిని అరుగు మీద కూర్చుని, పాత క్యాలెండరు కాగితాల వెనకాల బస్సులు గీస్తాడు. మనవడు వాడి పారేసిన క్రేయాన్ ముక్కలే రంగులు. కిటికీలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చక్రాలు గుండ్రంగా ఉండవు. గీసినవాటిని ఎవరికీ చూపించడు, కోడలు వాటిని డబ్బాల అడుగున పరుస్తుంది, ఆయనకు పట్టదు. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోమంటే ఆయనది బటన్ల ఫోను. దీంతో ఏమొస్తాదప్పా అని అడిగితే “బస్సొస్తాది” అన్నాడు.

లాభం లేదని ఆయన కోసమే పోటీలో సీనియర్ సిటిజన్ల విభాగం పెట్టాం. శాలువా, మెమెంటో, ముఖ్య అతిథి, అన్నీ ఏర్పాటు చేసి పిలవడానికి వెళ్లాం. ఆయన అంతా ఓపిగ్గా విని, నీలం ముక్క కోసం డబ్బాలో వెతుక్కుంటూ అడిగాడు:

“అయిపోయినాక మిగిలిన రంగులు పారేస్తారా, నాకిస్తారా ప్పా?”