రెయిడ్-5 గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ రెయిడ్-5 గారికి,

ఇంట్లో ఓ మూల రాత్రింబవళ్లు గుయ్యిమంటూ తిరిగే మీ నాలుగు డిస్కుల యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమ నాలుగు డిస్కుల్లో ప్రస్తుతం మూడే కుశలం కాబట్టి ఆ మాట వాయిదా వేస్తున్నాను.

1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు పలు డిస్కులను ఒకే డిస్కులా నడిపే తమ రెయిడ్ వంశం గురించి పేపర్ రాశారు. చవక డిస్కులు కొన్నింటిని కలిపితే ఖరీదైన ఒక పెద్ద డిస్కు అవసరం లేదన్నారు. అందులో తమరి వాటా హామీ ఏమిటంటే, ఒక డిస్కు పోయినా డేటా పోదు. నిజమే. మిగిలిన మూడింటిలోని బిట్లలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయో బేసిలో ఉన్నాయో లెక్కగట్టి, అంటే ఎక్స్‌ఆర్ చేస్తే పోయిన బిట్టు ఏమిటో తేలిపోతుంది. లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు. నా గోడల్లా ఒక్కటే. చెడిన డిస్కు తీసి కొత్తది పెట్టి, దానిమీద పాత డేటా తిరిగి రాయడం (రీబిల్డ్) పూర్తయ్యేదాకా, అంటే నాకు మీ అవసరం నిజంగా పడే ఆ కొన్ని గంటలూ, మీ హామీ పనిచేయదు. జామీను ఉంటానని మాటిచ్చి సంతకాల రోజున ఊరెళ్లిపోయే పెద్దమనిషి తీరు మీది.

ఆ గంటలు ఎన్నో చూద్దాం. 4 టెరాబైట్ల డిస్కు మీద సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా ఏడున్నర గంటలు పడుతుంది. ఆగకుండా రాసే అదృష్టం ఎవరికీ ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే. ఆ సమయమంతా మిగిలిన మూడు డిస్కులనూ మొదటి సెక్టర్ (డేటా రాసుకునే చిన్న గడి) నుంచి చివరిదాకా, అంటే మొత్తం 12 టెరాబైట్లు, ఒక్క తప్పు లేకుండా చదవాలి. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్ కాగితం మీదేమో ఒకటి పక్కన 14 సున్నాలు పెట్టినన్ని బిట్లకు ఒక చదవలేని తప్పు రావచ్చని ఉంటుంది. అది 12.5 టెరాబైట్లతో సమానం. డిస్కులు ఆచరణలో ఆ కాగితం కంటే మెరుగ్గానే ఉంటాయనుకోండి. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నిద్ర పట్టదు. పైగా ఆ మూడూ పోయినదానితో పాటు ఒకేరోజు కొన్నవే, ఒకే వయసువే. ఎప్పుడూ తెరవని ఫైళ్లు కూడా చదివించి, మూలిగే నక్క మీద తాటిపండు వేసే ముహూర్తం మీరు భలే ఎంచుకుంటారు.

కొత్త డిస్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. పెట్టె మీద అదే 4 టెరాబైట్లు ఉన్నా, లోపల పాతదానికంటే కొన్ని సెక్టర్లు తక్కువుంటే "సరిపోదు" అని గుమ్మంలోంచే పంపేస్తారు. అదే రాత వరుసలను (ట్రాకులను) ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా పరిచే ఎస్ఎంఆర్ రకమైతే సాదరంగా లోపలికి రానిచ్చి, ఆపైన రాత వేగం పడిపోతుంటే చోద్యం చూస్తారు. ఇదెక్కడి పరీక్షండీ!

ఇక అసలు సంగతి. తమరి పరిస్థితి చూపే ఎండీస్టాట్ ఫైల్లో బతికున్న ప్రతి డిస్కుకూ ఒక యూ అక్షరం, పోయినదానికి ఒక అడుగు గీత ఉంటాయి. రీబిల్డ్ సగం దాటాక చూస్తే గీతలు రెండయ్యాయి. రెండో డిస్కూ పోయిందని తీర్పు చెప్పేసి, విచారణ లేకుండా మొత్తం అర్రే, అంటే డిస్కుల గుంపునే, ఆపేశారు. ఆ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు తీసి చూశాను. పాడైతే మార్చిన సెక్టర్ల లెక్క చెప్పే 5వ వరుసలో సున్నా. చదవలేక అనుమానంలో పెట్టిన పెండింగ్ సెక్టర్లు చెప్పే 197వ వరుసలోనూ సున్నా. 199వ వరుసలో మాత్రం సీఆర్‌సీ తప్పులు, అంటే డేటా చేరవేతలో దొర్లినవి, గుట్టగా పడి ఉన్నాయి. ఆ తప్పులు డిస్కు పళ్లెం మీద పుట్టవు, దారిలో పుడతాయి. దోషి డిస్కును కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్! క్లిప్పు లేని ఆ ఎర్ర కేబుల్, పక్క డిస్కు లాగినప్పుడు వెంట్రుకవాసి జరిగింది. కేబుల్‌కూ డిస్కుకూ తేడా తెలియని తమరికి మరణ ధ్రువీకరణ పత్రాలిచ్చే అధికారం ఎవరిచ్చారో సెలవివ్వగలరు.

కేబుల్ మార్చాక 199వ వరుసలోని అంకె తగ్గలేదు. అది ఎప్పటికీ తగ్గదు, పెరగడం ఆగితే చాలు. ఆ తర్వాత టెన్షన్‌లో ఉన్నవాడి చేత తమరి సిబ్బంది చేయించాలని చూసే పని ఒకటుంది. లినక్స్‌లో తమరిని నడిపే ఎండీఏడీఎం ప్రోగ్రామ్‌లో క్రియేట్ (కొత్త అర్రే కట్టు) అని ఒక కమాండ్. పేరు ఎంత మంగళకరంగా ఉందో! డిస్కుల వరుస గానీ, చంక్ సైజు (ఒక్కో డిస్కుకు వంతులవారీగా రాసే ముక్క పరిమాణం) గానీ తేడా వచ్చిందా, రీబిల్డ్ పేరుతో ఉన్నదానిమీదే చెత్త రాసిపెడుతుంది. పైగా రీబూట్‌కు డిస్కుల పేర్లు అటూ ఇటూ మారిపోతాయి, నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ. సీరియల్ నంబర్లు చూసుకుని, పాత మూడు డిస్కులతోనే అసెంబుల్ (ఉన్న అర్రేనే మళ్లీ కూర్చు) కమాండ్‌కు ఫోర్స్ (బలవంతంగా) జోడిస్తే, అర్రేలో జరిగిన మార్పుల ఈవెంట్ లెక్కలో కాస్త వెనకబడిన డిస్కును మీరు మారుమాట లేకుండా మళ్లీ చేర్చుకున్నారు. నిన్న శవం, ఇవాళ సభ్యుడు. ముందు రీడ్-ఓన్లీలో (చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా) మౌంట్ చేసి, ఫొటోలు వేరే డిస్కుకు ఎక్కించాకే తమరి రీబిల్డ్‌కు మళ్లీ అనుమతిచ్చాను. నిజంగానే పళ్లెం పాడై ఉంటే, చెడిన డిస్కు నుంచి డేటా కాపీ చేసే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్ ఉండనే ఉంది. అది సులువుగా వచ్చేదంతా ముందు కాపీ చేసుకుని, మొండి సెక్టర్ల జోలికి చివర్లో వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఓపికలో పదో వంతు తమరికున్నా ఈ లేఖ రాయాల్సి వచ్చేది కాదు.

డిస్కు పూర్తిగా చావకుండా తడబడుతుంటే, దాన్ని పీకకుండానే పక్కన కొత్తది తగిలించి రీప్లేస్ కమాండ్‌తో మార్చుకోవచ్చట. కాపీ అయ్యేదాకా పాతదీ కొలువులోనే ఉంటుంది, చదవలేని చోట మాత్రమే మిగతావాటిని అడుగుతుంది. ఇంత మంచి సదుపాయాన్ని తమరి మాన్యువల్‌లో ఎంత లోతున పాతిపెట్టారో! ముందు పాతది ఊడబీకండి అని మాత్రం మూడు రంగుల బొమ్మలతో చూపిస్తారు.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, వచ్చే పెట్టెలో తమరి అన్నగారు రెయిడ్-6కు ఉద్యోగం ఇస్తున్నాను. రెండు డిస్కులు పోయినా తట్టుకుంటానన్నారు. ఆ మాట మీద కూడా నమ్మకం ఉంచకుండా, ఫొటోల ఇంకో కాపీ ఈ ఇంటి గడప బయటే ఉంటుంది. తమరి నోటీసు కాలం రీబిల్డ్ పూర్తయ్యేదాకా. అంతవరకు పక్క కేబుళ్లను కదిలించనని నేను హామీ ఇస్తున్నాను, నా హామీ పనిచేస్తుంది.

ఇట్లు,
రూట్ పాస్‌వర్డ్ ఉండి కూడా ఏ అధికారమూ లేని
తమ యజమాని